తూర్పు జర్మనీ సరుకు: ఏది నిలిచింది, ఏది చెడింది, ఎందుకు

అందరికీ నమస్కారం.

తూర్పు జర్మనీ సరుకు గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. "అట్టముక్కలతో కార్లు చేసిన దేశం" అని కొందరు నవ్వుతారు. "ఆ రోజుల్లో కొన్న బీటరు ఇప్పటికీ తిరుగుతోంది, నిరుడు కొన్నది వారంటీ తీరిన మర్నాడే మూలపడింది" అని ఇంకొందరు మురుస్తారు. ఈ రెండు మాటలనీ పక్కన పెట్టి, వస్తువుల్ని విప్పి లోపల చూద్దాం. ఆ సరుకులో కనిపించే గట్టితనానికీ, అదే సరుకులో కనిపించే చేతకానితనానికీ మూలం ఒక్కటే, అది కొరత. నేను చెప్పదలచింది అంతే. మిగతాదంతా వివరం.

ముందు రంగం కాస్త పరుచుకుందాం. దేశం 1949లో పుట్టి 1990 అక్టోబరు 3న పశ్చిమ జర్మనీలో కలిసిపోయింది. ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ ప్రజల ఆస్తి కిందే ఉండేవి. ప్రతి వస్తువుకూ టీజీఎల్ అనే జాతీయ ప్రమాణం ఉండేది. ప్రమాణాల కార్యాలయం పరీక్షించి ముద్ర వేసేది: మేలైన దానికి ఇంగ్లీషు Q అక్షరం, తర్వాతి దానికి 1 అంకె. చిల్లర ధర దేశమంతటా ఒకటే. చాలా ప్లాస్టిక్ సామాన్ల మీద ధరను అచ్చులోనే పోసేసేవారు. ధర మారదన్న ధైర్యం చూడండి!

ఇలాంటి చోట ఫ్యాక్టరీ లెక్క మనకు తెలిసిన లెక్కకు తలకిందులుగా ఉంటుంది. మన దగ్గర వస్తువు పాడైతే కంపెనీకి ఇంకో అమ్మకం. అక్కడ వస్తువు పాడైతే అది ప్రణాళిక మీద ఇంకో భారం. ఉన్న ఉక్కు, రాగి, ప్లాస్టిక్ కొత్తగా అడిగేవాళ్లకే చాలదు, పాతది పోయిందని వచ్చేవాళ్లకి ఎక్కడి నుంచి తెస్తారు? కాబట్టి విప్పి బాగుచేసుకునేలా చేయడం తప్పనిసరి అయింది. సూల్ పట్టణంలో చేసిన ఆర్‌జీ 28 అనే చేతి మిక్సరు, అంటే గుడ్లు, పిండి గిలక్కొట్టే బీటరు, ఇందుకు మంచి ఉదాహరణ. మూత స్క్రూలతో బిగిస్తారు, అతికించరు. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగితే బయటికి తీసి కొత్తవి పెట్టొచ్చు. వైరు, స్విచ్చి విడివిడిగా మార్చొచ్చు. అందులో అద్భుతమేమీ లేదు. మోటార్లు పోయేది ముందు బ్రష్‌ల వల్లే, ఆ బ్రష్‌లు మార్చే దారి మూసెయ్యలేదు, అంతే.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఇవాళ మన కళ్లముందు తిరుగుతున్నవి నిలిచిన వస్తువులు. నిలవనివి ఎప్పుడో తుక్కులోకి పోయాయి. బతికినవాటిని చూసి మొత్తం సరుకుకు మార్కులు వేయకూడదు.

ఇక గాజు దగ్గరికి వద్దాం. ఆ దేశం చేసిన వాటన్నిటిలో నాకు గొప్పగా తోచేది కారూ కాదు, కెమెరా కాదు, హోటల్లో బీరు పోసే గ్లాసు. 1970ల చివర్లో అక్కడి పరిశోధకులు గాజు ఎందుకు పగులుతుందన్న దగ్గర మొదలుపెట్టారు. సిద్ధాంతం ప్రకారం గాజు చాలా గట్టి పదార్థం. కానీ పోత పోసినప్పుడూ, కడిగినప్పుడూ, ఒకదానికొకటి తగిలినప్పుడూ పై పొరలో కంటికి కనపడని గీతలు పడతాయి. లాగుడు పడగానే గీత కొన దగ్గర ఒత్తిడి పోగై గీత లోపలికి పాకుతుంది. గ్లాసు ఫట్‌మంటుంది. పై పొరను ఎప్పుడూ నొక్కుడులో ఉంచగలిగితే గీత నోరు తెరవలేదు.

ఆ నొక్కుడు తెచ్చింది సూరేకారం. పొటాషియం నైట్రేట్ అన్నమాట, బాణసంచాలో వాడేదే. మామూలు గాజులో సోడియం అయాన్లు ఉంటాయి. కరిగిన సూరేకారంలోని పొటాషియం అయాను వాటికంటే పెద్దది. వేడి మీద పై పొరలోని సోడియం బయటికి పోయి, ఆ ఖాళీలో పొటాషియం దూరుతుంది. ఆర్టీసీ బస్సులో ఇద్దరి సీటులో సన్నగా ఉన్నవాడు లేచి వెళ్లి, ఆ చోట భారీ మనిషి కూర్చున్నట్టు. పక్కవాడు ఇరుక్కుంటాడు. పై పొర అంతా అలా ఇరుకై, నొక్కుడులో ఉండిపోతుంది.

వినడానికి తేలిక, చేయడానికి కాదు. సూరేకారం 334 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి దానికి తక్కువ పనికిరాదు. 500 డిగ్రీల దరిదాపులకు వెళితే గాజే లోపల సర్దుకోవడం మొదలుపెట్టి, తెచ్చిన నొక్కుడంతా సడలిపోతుంది. అందుకే 400 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచాలి. గ్లాసును చల్లగా తెచ్చి పెడితే వేడి దెబ్బకే పగులుతుంది, ముందే వేడి చేయాలి. ఇంకో చిక్కు: గాజులోంచి వచ్చిన సోడియం సూరేకారంలో పోగవుతుంది. అది పెరిగేకొద్దీ మార్పిడి మందగిస్తుంది, పొర పలచబడుతుంది, గ్లాసు చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. ఉప్పును తరచూ పరీక్షించి మార్చని చోట బలహీనమైన గ్లాసులు మంచివాటితో కలిసి బయటికి పోతాయి. పొర మందం మిల్లీమీటరులో కొన్ని వందల వంతులు మాత్రమే. అంతకంటే లోతైన గీత ముందే పడి ఉంటే ఈ వైద్యం దానికి పనిచేయదు.

సాక్సనీలోని ష్వెప్‌నిట్స్ ఫ్యాక్టరీలో 1980లో ఉత్పత్తి మొదలైంది. పేరు సూపర్‌ఫెస్ట్. పదేళ్లలో 11 కోట్లకు పైగా గ్లాసులు చేశారు. పలచగా, తేలిగ్గా, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా రూపం ఇచ్చారు. ఎందుకంటే అవి క్యాంటీన్లకూ, బీరు హోటళ్లకూ వెళ్లేవి, అల్మారాలో చోటు కలిసి రావాలి. మామూలు గ్లాసుతో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ కాలం నిలిచాయి. ఎందుకు చేశారో గుర్తుందిగా? క్యాంటీన్లలో పగిలే గ్లాసుల బదులు కొత్తవి ఇచ్చే తాహతు లేక.

విదేశీ మారకం కోసం పశ్చిమ దేశాలకు అమ్మాలని చూశారు. కొనలేదు. గాజు వ్యాపారి బతికేదే పగలడం మీద. పగలని గ్లాసు ఒకసారి అమ్మితే ఆ హోటలు మళ్లీ తన గడప తొక్కదు. 1990లో దేశాలు కలిశాక ఆ లైను ఆగిపోయింది. అదే రసాయన సూత్రాన్ని అమెరికాలో కార్నింగ్ సంస్థ 1960ల్లోనే వాడింది. తర్వాత వేరే కూర్పున్న గాజుతో ఫోన్ తెరలకు తెచ్చింది. మీ జేబుల్లో ఉన్న ఫోన్ల గాజు చాలావరకు ఈ పొటాషియం మార్పిడి చేసినదే. అక్కడ మాత్రం లెక్క కుదిరింది. తెర గట్టిగా ఉన్నా రెండు మూడేళ్లకు ఫోను మారుస్తాం కదా.

ఇప్పుడు కారు. ట్రబాంట్. త్స్వికావు ఫ్యాక్టరీలో 1957 నుంచి 1991 ఏప్రిల్ దాకా దాదాపు 31 లక్షలు చేశారు. "అట్ట కారు" అన్నది పూర్తిగా తప్పు. లోపలి చట్రం, నేల, స్తంభాలు అన్నీ ఉక్కు రేకే. దాని మీద తొడిగిన పై చర్మం మాత్రం డ్యూరోప్లాస్ట్. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన పత్తి వ్యర్థాన్ని పొరలుగా పరిచి, ఫినాల్ రెసిన్ వేసి, వేడి ప్రెస్సులో నొక్కితే వచ్చేది అది. కార్ల రేకు, అంటే లోతుగా అచ్చుకు సాగే మేలు రకం ఉక్కు, వాళ్లకు దొరికేది కాదు. కొనాలంటే డాలర్లు లేవు, పైగా పశ్చిమ దేశాల ఆంక్షలు. పత్తి, రెసిన్ చేతిలో ఉన్నాయి.

ఈ చర్మం తుప్పు పట్టదు. అందుకే జనం కారు మొత్తం తుప్పు పట్టదనుకున్నారు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. డ్యూరోప్లాస్ట్‌కూ ఉక్కుకూ మధ్య సందులో నీరు, బురద, శీతాకాలం రోడ్డు మీద చల్లే ఉప్పు చేరి, లోపలి చట్రాన్ని తినేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, తలుపు కింది పెట్టె భాగం జల్లెడైపోయి ఉంటుంది. పాత ట్రబాంట్ కొనేవాడు పై చర్మం చూడడు. జాకీ వేసి గడప పట్టీలు, ముందు స్తంభాల మొదళ్లు, జాకీ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాడు. దిగిందా, బేరం కట్.

తయారీలో ఇంకో నష్టం ఉంది. ఉక్కు రేకును ప్రెస్సు ఒక్క దెబ్బతో అచ్చు వేస్తుంది, సెకన్ల పని. డ్యూరోప్లాస్ట్ పలక రెసిన్ గట్టిపడేదాకా వేడి అచ్చులో నిమిషాలు పడుకోవాలి. ప్రెస్సులు ఎన్ని పెంచితే అన్నే కార్లు. జనం పదేళ్లు, కొన్ని జిల్లాల్లో అంతకు మించి వరుసలో నిలబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వరుస ఎంత పొడుగంటే, వాడిన కారు కొత్త కారుకంటే ఎక్కువ ధరకు పోయేది. చచ్చాక కూడా చర్మం బాధే: మళ్లీ కరిగించి పోయడానికి వీలు కాదు, కాలిస్తే విషపు పొగ.

ఇంజను చూద్దాం. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 594.5 సీసీ, 26 హార్స్ పవర్. గాలితోనే చల్లబడుతుంది, కాబట్టి రేడియేటరు లేదు, నీటి పంపు లేదు. వాల్వులు లేవు, క్యామ్ లేదు. పెట్రోలు ట్యాంకు బానెట్ కింద ఇంజను కంటే ఎత్తులో ఉంటుంది. పెట్రోలు తనంతట తనే దిగుతుంది, అందుకని ఫ్యుయల్ పంపూ లేదు. చాలా ఏళ్లు పెట్రోలు ముల్లు కూడా లేదు, గీతలున్న పుల్ల ముంచి చూడటమే. లేని సామాను పాడవదు. కానీ ప్రమాదంలో ముందు భాగం నలిగితే, నలిగే చోటనే పెట్రోలు ట్యాంకు ఉంది. ఈ రెండో వాక్యం మురిసేవాళ్లు చెప్పరు.

టూ స్ట్రోక్ కాబట్టి ఆయిల్ పెట్రోల్లోనే కలపాలి. మొదట్లో 33కి 1, అంటే 10 లీటర్లకు 300 మిల్లీలీటర్లు. 1970ల్లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గర బేరింగులు మార్చాక 50కి 1, 10 లీటర్లకు 200. పాత ఇంజనుకు కొత్త పాళ్లలో పోస్తే బేరింగు ఎండి అరిగిపోతుంది. కొత్త ఇంజనుకు పాత పాళ్లలో పోస్తే ప్లగ్ నల్లబడి, ఎగ్జాస్టు రంధ్రంలో మసి కడుతుంది.

ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఆయిల్ పెట్రోలుతో పాటే వస్తుంది కదా, దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఏమవుతుంది? చక్రాలు ఇంజన్ను గిరగిరా తిప్పుతుంటాయి, పెట్రోలు రాదు, ఆయిలూ రాదు. పిస్టన్ ఎండుతూ తిరిగి పట్టేస్తుంది. అందుకే నాలుగో గేరులో ఫ్రీవీల్ పెట్టారు. యాక్సిలరేటర్ వదలగానే చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగి ఇంజను మెల్లగా తిరుగుతుంది. ఇంజను బతికింది, కానీ టాప్ గేరులో ఇంజను బ్రేకింగ్ పోయింది. కొండ దిగేటప్పుడు మూడో గేరులోకి రావాలి, లేకపోతే భారమంతా డ్రమ్ము బ్రేకుల మీదే.

ఆ నీలి పొగ మాటేమిటంటే, టూ స్ట్రోకులో తాజా మిశ్రమం సిలిండరులోకి వచ్చేటప్పుడు ఎగ్జాస్టు రంధ్రం ఇంకా తెరిచే ఉంటుంది. కొంత పెట్రోలు, ఆయిలు కాలకుండానే బయటికి పోతాయి. ట్యూనింగ్‌తో తగ్గుతుంది, పోదు. దీన్ని మార్చాలని త్స్వికావు ఇంజనీర్లకు తెలియక కాదు. 1960ల్లో పీ 603 అనే కొత్త కారు నమూనాలు నడిపి చూశారు. 1968లో పార్టీ పెద్దలు ఆపేయించారు. 1970ల్లో ఇంకో ప్రయత్నమూ అలాగే ఆగింది. కొత్త కారుకు కొత్త అచ్చులు, కొత్త ప్రెస్సులు, డబ్బు కావాలి. ఉన్న కారుకే పదేళ్ల వరుస ఉంది. వరుస ఉన్నంతకాలం మార్చాలన్న ఒత్తిడి ఎవరి మీదా లేదు. 1990లో ఫోక్స్‌వాగన్ ఫోర్ స్ట్రోక్ ఇంజను పెట్టే నాటికి జనం పశ్చిమం నుంచి వచ్చిన పాత కార్లు కొనేసుకుంటున్నారు.

టూ స్ట్రోకు అంటే వెనకబాటు అనుకోకండి. ఆ విద్యలో ప్రపంచానికే పాఠం చెప్పింది కూడా అదే దేశం. చోపావ్‌లోని ఎంజెడ్ మోటార్ సైకిల్ ఫ్యాక్టరీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఎగ్జాస్టు గొట్టంలో ఒత్తిడి తరంగాలు ఎలా నడుస్తాయో కొలిచాడు. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట నుంచి పీల్చే తరంగం వెనక్కి వస్తుంది, అది సిలిండరులోని పొగను లాగేస్తుంది. మళ్లీ సన్నబడే చోట నుంచి నెట్టే తరంగం వస్తుంది, అది బయటికి జారిన తాజా మిశ్రమాన్ని రంధ్రం మూసుకునేలోపు లోపలికి తోస్తుంది. గొట్టం పొడవు, కోణం ఇంజను వేగానికి సరిపడితే వాల్వు లేకుండానే వాల్వు పని అయిపోతుంది. 1961లో ఆయన 125 సీసీ రేసు ఇంజను 25 హార్స్ పవర్ ఇచ్చింది, లీటరుకు 200 లెక్క. అదే ఏడాది స్వీడన్ రేసు తర్వాత వాళ్ల రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి, ఆ విద్యతో సుజుకీకి వెళ్లిపోయాడు. 1962లో సుజుకీకి 50 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చింది. అక్కణ్నుంచి జపాన్ టూ స్ట్రోకులన్నిటికీ పాకింది. మన వీధుల్లో ఆర్ఎక్స్ 100 సైలెన్సర్ లోపలి ఆకారానికి వంశవృక్షం గీస్తే చోపావ్ దాకా పోతుంది.

సూల్‌లో చేసిన సింసన్ ఎస్ 51 మోపెడ్‌ది వేరే కథ. 50 సీసీ, 3.7 హార్స్ పవర్, గంటకు 60 కిలోమీటర్లు. జర్మనీలో ఇవాళ ఈ తరగతి బండి మామూలుగా 45 దాటకూడదు. విలీన ఒప్పందం ప్రకారం 1992 ఫిబ్రవరి 28 లోపు రోడ్డెక్కిన తూర్పు బండ్లకు మాత్రం 60 వేగం అలాగే ఉంచారు. అందుకే ఇవాళ కుర్రాళ్లు వాటికోసం ఎగబడతారు, ధరలు ఆకాశంలో ఉన్నాయి, విడి భాగాలన్నీ కొత్తగా తయారవుతున్నాయి. చట్టంలోని ఒక వాక్యం ఒక బండిని బతికించడం అరుదు. ఈ బండిలో ఎక్కువగా పోయేది క్రాంక్ ఆయిల్ సీల్, అంటే ఇంజను ఇరుసు చుట్టూ బిగుతుగా ఉండే రింగు. క్లచ్ వైపు సీల్ గట్టిపడితే గేరు ఆయిల్ ఇంజనులోకి పీలుస్తుంది: తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేరు ఆయిల్ మట్టం తగ్గుతుంది. మాగ్నెటో, అంటే కరెంటు పుట్టించే భాగం, వైపు సీల్ పోతే గాలి పీలుస్తుంది: ఐడిల్ దానంతట అదే పెరుగుతుంది, మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేస్తుంది. రెండోదే ప్రమాదం, పొగ రాదు కాబట్టి నడిపేవాడికి తెలియదు.

కెమెరాలు, లెన్సులు. యేనా నగరంలోని కార్ల్ త్సైస్ సంస్థ 1945లో రెండు ముక్కలైంది. ముందు వచ్చిన అమెరికన్ సైన్యం ముఖ్యమైన నిపుణులను పశ్చిమానికి తరలించింది. తర్వాత వచ్చిన సోవియట్ సైన్యం యంత్రాలు ఊడబెరికి తీసుకుపోయింది. మిగిలిన మనుషులతో యేనా మళ్లీ మొదలుపెట్టి ఫ్లెక్టోగోన్, పాంకోలార్ లాంటి లెన్సులు చేసింది. డ్రెస్డెన్‌లో 1949లో కాంటాక్స్ ఎస్ కెమెరా వచ్చింది, బొమ్మను కంటికి సరిగ్గా నిలబెట్టి చూపే పెంటాప్రిజం అనే గాజు ముక్క అందులో ఉంది. ఎం 42 మౌంటును, అంటే లెన్సును మరతో కెమెరాకు బిగించే పద్ధతిని, ప్రపంచానికి అలవాటు చేసిన కెమెరాల్లో అదొకటి. తర్వాత లక్షల్లో అమ్ముడైన ప్రాక్టికా కూడా డ్రెస్డెన్‌దే.

ఇక్కడ గాజు మంచిది, యంత్రాంగం ఎగుడుదిగుడు. పెంటాకోన్ సిక్స్ అనే పెద్ద ఫిల్ము కెమెరాలో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కడం అందరికీ తెలిసిన జబ్బు. ఫిల్ము ఎక్కించేటప్పుడే బిగుతుగా పట్టి ఉంచాలి. లీవరు ఒకే ఊపులో చివరిదాకా తిప్పాలి. తిరుగు ప్రయాణంలో చేత్తో పట్టి వదలాలి, స్ప్రింగుకు వదిలేస్తే లోపలి పళ్లు జారుతాయి. మంచి కెమెరాకు ఇన్ని నియమాలు ఉండకూడదు.

ఈ కెమెరాలు పశ్చిమానికి ఖర్చు కూడా రాని ధరకు పోయాయి, కావలసింది విదేశీ మారకం కాబట్టి. ఆ చవకలో ఇంకో మాట దాగుంది, వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు దాటెయ్యకూడదు. కాట్‌బుస్ జైల్లో ఖైదీలు, వాళ్లలో రాజకీయ ఖైదీలు ఎందరో, ప్రాక్టికా కెమెరాల బాడీ పనులు చేశారు. హోహెనెక్ జైల్లో ఆడవాళ్లు దుప్పట్లు కుట్టారు. అవి పశ్చిమ జర్మనీ దుకాణాల్లో అమ్ముడయ్యాయి.

ఫిల్ము సంగతి మనకు కాస్త దగ్గరిది. వోల్ఫెన్ పట్టణంలోని పాత ఆగ్ఫా ఫ్యాక్టరీయే 1964 నుంచి ఆర్వో అయింది. మనకు ఆ రోజుల్లో డాలర్ల కొరత, కోడక్ ఫిల్ము దిగుమతికి లైసెన్సు కష్టం. తూర్పు జర్మనీతో వ్యాపారం రూపాయల్లో జరిగేది. అందుకే 1970ల దక్షిణాది సినిమా పోస్టర్ల మీద, తెలుగువీ కలుపుకుని, "ఆర్వో కలర్" కనిపిస్తుంది. రంగు పుట్టించే రసాయనాన్ని ఫిల్ములో పట్టి ఉంచే పద్ధతి రెండింటికీ వేరు. కోడక్ దాన్ని నూనె బిందువుల్లో బంధిస్తే, ఆగ్ఫా వంశం అణువుకే పొడుగాటి తోక తగిలించి జారకుండా చేసింది. కడిగే రసాయనాలు వేరు, వేడి వేరు. ఒకే లాబ్ రెండు రకాలూ కడగాలంటే రెండు లైన్లు నడపాలి, వేడి తేడా వస్తే ఒక్కో రీలు ఒక్కో రంగు. ఆ ప్రింట్లు వెలిసిపోయాయని ఆర్వోను తిడతాం. న్యాయంగా చెప్పాలంటే ఆ కాలపు కోడక్ వారి ఈస్ట్‌మన్ ప్రింట్లూ వెలిశాయి. రంగు ఫిల్మును చల్లగా, పొడిగా దాచాలి. మద్రాసు ఉక్కలో, డబ్బాలో పడేసినది ఏ ఫిల్ము అయినా ఏం మిగులుతుంది?

చివరిగా ఫ్రిజ్. సాక్సనీలోని షార్ఫెన్‌స్టైన్ ఫ్యాక్టరీ ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లు చేసేది. క్వెల్లె అనే పశ్చిమ జర్మనీ సంస్థ వాటిని తన సొంత పేరుతో అమ్మింది, కొన్నవాళ్లలో చాలామందికి అది ఎక్కడిదో తెలియదు. 1992లో ఆ ఫ్యాక్టరీని మూసేయాలని నిర్ణయమైంది. అప్పటికి ఓజోన్‌ను తినే గ్యాసుల బదులు పెద్ద కంపెనీలన్నీ ఆర్ 134ఏ వైపు వెళుతున్నాయి. అది ఓజోన్‌ను ముట్టదు, కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లకు పైన. డోర్ట్‌ముండ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రొపేన్, బ్యూటేన్ కలిపి, అంటే మన వంట గ్యాసు కుటుంబపు వాయువులతో, ఫ్రిజ్ నడిపి చూపించారు. పెద్ద కంపెనీలు "మండుతుంది" అని కొట్టిపారేశాయి. గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ షార్ఫెన్‌స్టైన్‌కు 10 నమూనాలు చేయమని డబ్బిచ్చింది. పోయేదేమీ లేని ఫ్యాక్టరీ ఒప్పుకుంది. 1993లో ఫోరోన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. మిగతా కంపెనీలు అదే దారి పట్టాయి, 1996లో ఫోరోన్ మాత్రం దివాలా తీసింది.

ఇవాళ మీ ఇంటి ఫ్రిజ్ వెనక స్టిక్కరు చూడండి, ఆర్ 600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, ఆ దారిలో వచ్చిందే. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే. ఇక్కడ మెకానిక్ మిత్రులు ఉంటే ఒక మాట. ఆర్ 134ఏ పాళ్లలో దీన్ని నింపకూడదు, బరువులో సగం లోపే పడుతుంది. ఐదు గ్రాముల తేడా కూడా తెలుస్తుంది, కాబట్టి డిజిటల్ తూకం లేకుండా ముట్టుకోవద్దు. గ్యాసు ఆరుబయట వదిలి, నైట్రోజన్‌తో గొట్టాలు ఊదకుండా బ్రేజింగ్ మంట పెట్టొద్దు. పాత ఫ్రిజ్‌లో ఈ గ్యాసు వేసి "మార్చేశాం" అనడం మరీ ప్రమాదం, దాని లైటు స్విచ్చి, థర్మోస్టాట్ నిప్పురవ్వ రాకుండా మూసినవి కావు.

నా వంతు అయింది. ప్రశ్నలుంటే అడగండి.

[సభలోంచి ఒకరు: సార్, లాభాపేక్ష లేకపోవడం వల్లే మన్నికైన వస్తువులు వచ్చాయని అనొచ్చా?]

గ్లాసు విషయంలో అనొచ్చు. కారు విషయంలో అనలేం. రెండింటి వెనకా ఉన్నది ఒకే వ్యవస్థ. గ్లాసు పగలకపోతే ప్రణాళికకు మేలు, కాబట్టి పరిశోధనకు దారి దొరికింది. కారు మారకపోతే ప్రణాళికకు నష్టం లేదు, కాబట్టి మంచి నమూనా గోదాములో పడింది. మన్నిక కావాలంటే అది ఎవరి లెక్కలో లాభమో చూడాలి. విప్పడానికి వీలు, విడి భాగం దొరకడం, ఈ రెండూ చట్టంతో కూడా తేవచ్చు.

[ఇంకొకరు: నమస్కారమండీ. యేనా పాత లెన్సులు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఏం చూడాలి?]

ముందు అపర్చర్, అంటే వెలుతురును రానిచ్చే రంధ్రం. 16 దగ్గర పెట్టి, లెన్సు వెనకనున్న చిన్న పిన్నును నొక్కి వదలమనండి, వీడియో పంపమనండి. రేకులు టక్కున మూసుకుని టక్కున తెరుచుకోవాలి. బద్ధకంగా కదిలితే గ్రీజు వాటి మీదికి పాకింది. యేనా లెన్సుల్లో ఇది చాలా మామూలు జబ్బు, విప్పి స్పిరిట్‌తో కడిగితే పోతుంది, ఆ కూలి ధరలోంచి తగ్గించమనండి. తర్వాత ఫోకస్ రింగు: మరీ బిగుసుకుంటే గ్రీజు ఎండింది. బలవంతంగా తిప్పితే లోపలి మర పాడవుతుంది. అవతలి వైపు నుంచి టార్చి వేసి లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడాలి. మన తీర ప్రాంతాల్లో దాచినవాటిలో ఇది ఎక్కువ. అంచుల్లో ఇంద్రధనస్సు రంగు కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడుతోంది, అది వదిలేయండి.

ఇక పాత లెన్సును ఇప్పటి కెమెరాకు తగిలించే అడాప్టర్ విషయం. ఎం 42 లెన్సు సెన్సరు నుంచి 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. సోనీ "ఈ" (E) మౌంటు అయితే కెమెరాది 18, కాబట్టి అడాప్టర్ మందం 27.46. చవక అడాప్టర్లను కావాలనే కొంచెం పలచగా చేస్తారు, అనంతం దాటి ఫోకస్ అయ్యేలా. మామూలు లెన్సుకు నష్టం లేదు, కానీ వైడ్ లెన్సుకు దూరపు గుర్తులు పనికిరావు, తెర మీద పెద్దది చేసి చూసి ఫోకస్ చేయాలి. అడాప్టర్ లోపల పిన్నును నొక్కి పెట్టే అంచు ఉందో లేదో అడగండి. ఆటో, మాన్యువల్ మీట లేని లెన్సుకు ఆ అంచు లేకపోతే రింగు ఎంత తిప్పినా అపర్చర్ తెరిచే ఉంటుంది. కొన్నాక అమ్మినవాడితో గొడవపడేది ఎక్కువమంది దీని గురించే.